అమ్మ మంచం పక్కన ప్రార్థన: ఇది మొరా, సణుగుడా?

నిద్రలేని_కొడుకు | సోమవారం, తెల్లవారుజాము 2:50

అందరికీ వందనాలు. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

అమ్మకు పక్షవాతం వచ్చి ఏడాదిన్నర అయింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. నేను చెప్పేది అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నదే నోటికి రాదు. ఒంటికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పన్నెండుకి, రెండుకి, నాలుగుకి ఫోన్‌లో అలారం. మొదట్లో లేచిన ప్రతిసారీ చిన్న ప్రార్థన చేసేవాణ్ణి. ఇప్పుడు లేవడం, తిప్పడం, దిండు సర్దడం, మళ్లీ పడుకోవడం. అంతే. బైబిలు యాప్ ఐదింటికి ‘ఈ రోజు వాగ్దానం’ పంపిస్తుంది. ఆ టైముకి నేను తడిసిన దుప్పటి మారుస్తూ ఉంటాను.

పోయిన వారం ప్రార్థన కూడికలో మనవులు చెప్పమంటే మనసులో ఉన్నది అనేశాను. "ఏడాదిన్నరగా అడుగుతున్నాను, దేవుడు వింటున్నాడో లేదో తెలియడం లేదు" అని. ఒక పెద్దాయన వెంటనే "బాబూ, సణగకు. సణిగినవాళ్లంతా అరణ్యంలోనే రాలిపోయారు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు సండే స్కూల్లో నాకు వాక్యాలు కంఠతా పట్టించింది ఆయనే. అందుకే ఆ మాట అంత గుచ్చుకుంది. ఆ రోజు నుంచి మోకాళ్లూనితే మాట రావడం లేదు. స్తుతిద్దామంటే నటిస్తున్నట్టుంది. ఉన్నది చెబుదామంటే సణుగుడు అవుతుందేమోనని భయం.

ఇంతకీ అడిగేది ఇదీ: దేవుడి దగ్గర బాధ వెళ్లబోసుకోవడానికీ సణుగుడికీ తేడా ఉందా? ఉంటే గీత ఎక్కడ?


ఆవగింజ | సోమవారం, ఉదయం 6:15

ప్రైజ్ ద లార్డ్ బ్రదర్. మీ అమ్మగారి కోసం ప్రార్థిస్తున్నాను. "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని 1 థెస్సలొనీకయులు 5:18లో ఉంది కదా. సామెతల్లో "జీవమరణములు నాలుక వశము" అనీ ఉంది. అందుకని నెగెటివ్ మాటలు నోట రానివ్వకండి. అమ్మగారు స్వస్థపడ్డారని ముందే స్తోత్రం చెప్పేయండి. తప్పకుండా అద్భుతం చూస్తారు.


మార్త | సోమవారం, ఉదయం 6:40

ఆవగింజ గారూ, మీరెప్పుడైనా రాత్రి రెండింటికి లేచి మనిషిని తిప్పారా?


ఆవగింజ | సోమవారం, ఉదయం 6:52

లేదు సిస్టర్. ఆయనకు కాస్త ధైర్యం చెబుదామని రాశాను.


పాతతిత్తి | సోమవారం, ఉదయం 9:30

తమ్ముడూ, ఆ పెద్దాయన ఎత్తిన అరణ్యం దగ్గరికే వెళ్దాం. సంఖ్యాకాండం 11వ అధ్యాయం తెరిచి ఒకేసారి మొత్తం చదువు.

ఆ ఒక్క అధ్యాయంలో రెండు ఫిర్యాదులున్నాయి. మొదటిది, మోషే ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి విడిపించి అరణ్యంలో నడిపిస్తున్న ఇశ్రాయేలు జనానిది. ఐగుప్తులో తిన్న చేపలు, దోసకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి గుర్తుచేసుకుని, ఎవరి గుడారం గుమ్మంలో వాళ్లు కూర్చుని ఏడ్చారు. దేవుడు రోజూ కురిపించే ఆహారం, ఈ మన్నా తప్ప మాకింకేం కనబడటం లేదు అన్నారు. రెండోది మోషేది. 11 నుంచి 15 వరకు వచనాలు చూడు. నీ సేవకుణ్ణి ఎందుకు బాధపెట్టావు? ఈ జనాన్నంతా నేనేమైనా కన్నానా, చంటిపిల్లల్లా రొమ్మున వేసుకుని మోయడానికి? ఈ భారం నా ఒక్కడి వల్ల కాదు. నాతో ఇలాగే చేసేటట్టయితే నన్ను చంపెయ్ అంటాడు.

మోషే మాటలు జనం మాటలకన్నా మెత్తగా ఉన్నాయా? నాకైతే ఇంకా ఘాటుగా ఉన్నాయి. అయినా ఆయన మీద కోపం రగల్లేదు. "ఒంటరిగా మోయలేను" అన్నవాడికి భారం పంచుకోవడానికి 70 మంది పెద్దలు దొరికారు. నువ్వు మోషేలా అని పొగడటం లేదు. మాట ఘాటుగా ఉన్నంత మాత్రాన అది సణుగుడు కాదని చెబుతున్నాను.

మన తెలుగు బైబిల్లోనే రెండు మాటలున్నాయి చూడు: సణుగుట, మొఱ్ఱపెట్టుట. సణుగుడు నోట్లో నోట్లో అనుకునేది, పక్కవాడి చెవిలో పడేది. "తమ గుడారములలో సణిగిరి" అనే తీరులో 106వ కీర్తన చెబుతుంది, ద్వితీయోపదేశకాండం 1:27 కూడా అంతే. మొర అలా కాదు, ఎదుటివాడు వినాలని పెట్టేది. నిర్గమకాండం 2వ అధ్యాయం చివర వెట్టిచాకిరిలో వాళ్లు మూలిగితే ఆ మొర దేవుడి దాకా వెళ్లింది, ఆయన విన్నాడు అని ఉంది. అక్కడ వాళ్లు స్తోత్రం చెప్పిన దాఖలా లేదు, మూలిగారంతే.


తోమా2 | సోమవారం, మధ్యాహ్నం 1:10

పాతతిత్తి గారి పోస్టు బాగుంది కానీ గీత అంత సాఫీగా లేదండీ. అదే 11వ అధ్యాయం మొదటి వచనంలోనే జనం ఆయాసాన్ని గురించి అన్న మాట యెహోవాకు వినబడిందని ఉంది, వెంటనే పాళెం అంచున అగ్ని రగిలింది. కాబట్టి ‘దేవుడి చెవిన పడితే మొర, పడకపోతే సణుగుడు’ అనడం కుదరదు. ఇంకోటి. నిర్గమకాండం 16లో అచ్చంగా సణిగారు, ఆ మాటే వాడారు. శిక్ష పడలేదు సరికదా, సాయంత్రం పూరేళ్లు, పొద్దున మన్నా వచ్చాయి. మరి సణిగితే రాలిపోతారు అన్న సూత్రం ఎక్కడ నిలబడింది?


పాతతిత్తి | సోమవారం, మధ్యాహ్నం 3:45

పట్టుకున్నావు తోమా. ఒప్పుకుంటున్నాను, ‘ఎవరికి చెబుతున్నాం’ అన్నదొక్కటే సరిపోదు. ‘ఎటు వెళ్లాలని అడుగుతున్నాం’ అన్నది కూడా చూడాలి. జనానికి ఐగుప్తుకు తిరిగిపోవాలనుంది. సంఖ్యాకాండం 14కి వచ్చేసరికి నాయకుణ్ణి పెట్టుకుని వెనక్కి వెళ్దాం అని తీర్మానమే చేశారు, రాలిపోయే తీర్పు వచ్చింది అప్పుడు. మోషే చచ్చిపోతానన్నాడు తప్ప వెనక్కి పోతాననలేదు.

నిర్గమకాండం 16 సంగతి అంటావా, అది సముద్రం దాటిన కొత్త. నెలన్నర కూడా కాలేదు, ఆకలి నిజం, కాబట్టి అన్నం పెట్టాడు. సణిగినవాడికి కూడా పెట్టాడనేది మనం మర్చిపోయే సంగతే, గుర్తుచేసినందుకు థ్యాంక్స్.

ఇక ఈ తమ్ముడి విషయం. అలారం మోగిన ప్రతిసారీ లేస్తున్నాడు. వెనక్కి పోయేవాడు చేసే పనా అది?


నిర్వాహకుడు | సోమవారం, సాయంత్రం 5:20

స్వస్థత గ్యారంటీ అంటూ ఫోన్ నంబరు పెట్టిన ఒక పోస్టు తొలగించాను. మళ్లీ పెడితే ఖాతా పోతుంది. చర్చ కొనసాగించండి.


ఆల్టో | సోమవారం, రాత్రి 8:05

నేను సంఘ గాయక బృందంలో పాడతాను, వ్యాఖ్యానాలు పెద్దగా తెలియవు. పాడేవాళ్ల వైపు నుంచి ఒక మాట.

13వ కీర్తనలో మొదటి రెండు వచనాల్లోనే ఎన్నాళ్లు, ఎన్నాళ్లు అని నాలుగుసార్లు నిలదీస్తాడు. దాని పైన చిన్న అక్షరాల్లో ఏముందో చూశారా? ‘ప్రధానగాయకునికి’ అని. 22, 88 పైన కూడా ఆ మాట ఉంది. అంటే ఇది తలుపేసుకుని ఒంటరిగా ఏడ్చిన డైరీ కాదు. బృందానికి ఇచ్చి, ప్రాక్టీసు చేయించి, జనం ముందు పాడించిన పాట. కూడికలో ఈ బ్రదర్ అన్నమాటను అక్కడ రాగం కట్టి పాడుకున్నారు!

హెబ్రీలో ఈ గ్రంథం పేరు తెహిల్లీమ్, అంటే స్తుతులు. 150లో దాదాపు మూడో వంతు ఏడుపు పాటలే, అయినా అట్ట మీద ‘స్తుతులు’ అనే రాశారు. మా బృందంలో మటుకు 23, 100, 121, 150 తిప్పితిప్పి పాడతాం. 88 ఇంతవరకు ఎత్తుకోలేదు. ఈ చర్చ చదివాక కొంచెం సిగ్గేసింది.


నిద్రలేని_కొడుకు | మంగళవారం, తెల్లవారుజాము 2:20

అందరికీ కృతజ్ఞతలు. ఇందాక 13వ కీర్తన చదివాను. నాలుగో వచనం వరకు నా నోట్లోంచి ఊడిపడ్డట్టే ఉంది. ఐదోది దగ్గర ఆగిపోయాను. నీ కృపయందు నమ్మిక ఉంచాను, నా హృదయం సంతోషిస్తుంది అనే చోట. అది నాది కాదు. నేనింకా అక్కడికి రాలేదు. చదివితే అబద్ధం చెప్పినట్టే కదా?


మార్త | మంగళవారం, ఉదయం 5:55

అయితే నాలుగు వరకు చదివి ఆపండి. ఐదు ఎక్కడికీ పోదు.


పాతతిత్తి | మంగళవారం, ఉదయం 8:40

మార్త ఒక్క లైనులో చెప్పింది, నేను మామూలుగానే సాగదీస్తాను.

ప్రతి ఏడుపూ స్తుతితో ముగియాలని మనం పెట్టుకున్న రూలు బైబిల్లో కనబడదు. యిర్మీయా 20 చూడు. ఏడో వచనంలో నువ్వు నన్ను మోసపుచ్చావు అని దేవుణ్ణే అంటాడు. 13లో యెహోవాను కీర్తించండి అంటాడు. హమ్మయ్య, గట్టెక్కాడు అనుకుంటాం. తరువాతి వచనమే, నేను పుట్టిన దినం శపించబడాలి! స్తుతి వచ్చింది, మళ్లీ మునిగాడు. మనం సాక్ష్యం చెప్పేటప్పుడైతే 13 దగ్గర మైకు ఇచ్చేసి కూర్చుంటాం.

విలాపవాక్యములు అయితే యెరూషలేము కూలిన బూడిదలో కూర్చుని రాసినట్టుంటుంది. ఐదు అధ్యాయాలు. మొదటి నాలుగూ హెబ్రీ అక్షరమాల వరసలో అల్లినవి, అక్షరాలు 22. మనం అందరం ఫ్రేము కట్టించుకునే వచనాలు, ప్రతి ఉదయం కొత్తగా పుట్టే వాత్సల్యం గురించినవి, మూడో అధ్యాయంలో నట్టనడుమ ఉన్నాయి. చివర్లో లేవు. చివరి అధ్యాయం 22 వచనాలే అయినా అక్షరమాల వరస పాటించదు, ఏడ్చి ఏడ్చి పద్యం కట్టే ఓపిక అయిపోయినట్టు (ఇది నా ఊహ, పండితులు వేరే చెప్పొచ్చు). ఆఖరి వచనం, నువ్వు మమ్మల్ని బొత్తిగా విసర్జించావా అన్న దిగులుతో ఆగిపోతుంది.

ఇక 88వ కీర్తన. దాని ఆఖరి మాట చీకటి. స్నేహితులు దూరమయ్యారు, మిగిలింది చీకటే. మలుపు లేదు, ‘అయినను’ లేదు. కానీ మొదటి వచనం చూడు, నాకు రక్షణకర్తవైన దేవా అని పిలిచాడు. పగలూ రాత్రీ నీ దగ్గర మొర పెడుతున్నాను అన్నాడు. ఆ కీర్తన మొత్తంలో వెలుతురు ఉన్నది ఆ పిలుపులోనే. నీకు ఐదో వచనం అందకపోతే పిలుపు ఒక్కటి చాలు, మిగతాది చీకటిగానే ఉండనీ.


ఆవగింజ | మంగళవారం, ఉదయం 10:30

నేను వాదన కోసం కాదు, నిజంగానే అడుగుతున్నాను. ఎఫెసీయులు 5:20లో సమస్తమును గూర్చి కృతజ్ఞతాస్తుతులు చెల్లించమని ఉంది. థెస్సలొనీకయుల్లో అయితే ‘ప్రతి విషయమునందును’, అంటే ఆ పరిస్థితిలో ఉండగా అని అర్థం చెప్పుకోవచ్చు. ఎఫెసీయుల్లో ‘గూర్చి’ అని స్పష్టంగా ఉంది కదా? మరి పక్షవాతం గురించి కూడా స్తోత్రం చెప్పాలా?


తోమా2 | మంగళవారం, ఉదయం 11:05

మంచి ప్రశ్న. పౌలు మాటను పౌలు బతుకుతో కలిపి చదవాలి అంటాను. 2 కొరింథీయులు 1:8లో ఆసియలో వచ్చిన శ్రమకు బతుకు మీదే ఆశ వదులుకున్నామని రాశాడు, పైగా అది మీకు తెలియకుండా ఉండటం మాకు ఇష్టం లేదన్నాడు. దాచుకోలేదు, నెగెటివ్ అని నాలుక కరుచుకోలేదు. అదే పత్రిక 12లో తన శరీరంలో ముల్లు అని పిలిచిన బాధను తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. ‘ముల్లు కోసం వందనాలు’ అని మొదలుపెట్టలేదు కదా. తీసెయ్యమనే అడిగాడు. కృప చాలు అన్న జవాబు వచ్చాక సంతోషం.


ఆవగింజ | మంగళవారం, ఉదయం 11:20

మూడుసార్లు అడిగాడన్నది తెలుసు, కానీ ఇలా చూడలేదు. ఆ నాలుక వచనం నేను తొందరపడి వేశాను బ్రదర్, ఏమీ అనుకోకండి.


నైట్‌డ్యూటీ | మంగళవారం, సాయంత్రం 4:30

నర్సుని. వాక్యం మీద పెద్దలు మాట్లాడారు కాబట్టి నేను 1 రాజులు 19 ఒక్కటే చెప్పి నా పనిలోకి వెళ్తాను. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చింది. తిని మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి పెట్టింది. ‘ఇక్కడ నీకేం పని’ అన్న ప్రశ్న ఆ తరువాత ఎప్పుడో, 40 రోజుల ప్రయాణం అయ్యాక.

బాబూ, ఏడాదిన్నర ముక్కలు ముక్కలుగా నిద్రపోయిన మనిషి తెల్లవారుజాము మూడింటికి తన విశ్వాసాన్ని తూకం వేసుకోకూడదు. ఆ టైములో ఏదీ సరిగా తూగదు.

కొన్ని పనికొచ్చేవి. పూర్తిగా పక్కకు కాకుండా కొంచెం ఏటవాలుగా తిప్పి, వీపు వెనక దిండు పెట్టండి. మోకాళ్ల మధ్య ఒకటి. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద ఒకటి. తిప్పేటప్పుడు పడిపోయిన వైపు చెయ్యి పట్టి లాగకండి, భుజం దెబ్బతింటుంది. చర్మం ఎర్రబడిన చోట వేలితో నొక్కి చూడండి. తెల్లబడకుండా ఎరుపు అలాగే ఉంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. గాలి పరుపు వాడుతున్నారా? వాడినా తిప్పడం మానకూడదు కానీ, చర్మం బాగుంటే రాత్రిళ్లు కొంచెం ఎడం ఇవ్వొచ్చేమో మీ డాక్టర్ని అడగండి. వారంలో ఒక్క రాత్రయినా ఇంకొకరు కాపలా ఉండాలి. ఇది సలహా కాదు, మందు అనుకోండి.

ఇంకొక్కటి. పక్షవాతంతో మాట పోయినవాళ్లలో కొందరికి పాట మిగులుతుంది. మాట్లాడలేని పదాలు రాగంతో వస్తాయి. అందరికీ కాదు. అమ్మగారికి బాగా తెలిసిన పాట ఒకటి మెల్లగా పాడి చూడండి. రాకపోతే బలవంతపెట్టకండి.


నిద్రలేని_కొడుకు | బుధవారం, రాత్రి 11:40

గాలి పరుపు లేదండీ, డాక్టర్ని అడుగుతాను. మడమల సంగతి నాకెవరూ చెప్పలేదు. ఇవాళ చూస్తే ఎడమ మడమ కాస్త ఎర్రగా ఉంది. నొక్కితే తెల్లబడింది. దిండు పెట్టాను.

నిన్న రాత్రి రెండింటికి తిప్పాక, చిన్నప్పుడు అమ్మ నన్ను నిద్రపుచ్చుతూ పాడిన పాట ఎత్తుకున్నాను. నా గొంతు అంతంత మాత్రం. పదాలు రాలేదు. కానీ ఎడమచేతి వేళ్లు దుప్పటి మీద కదిలాయి. తాళమో, వణుకో నాకు తెలియదు. తరువాత అమ్మ కళ్లలో నీళ్లు. అది సంతోషమో బాధో కూడా తెలియదు. నాకూ వచ్చాయి.

ఆ తరువాత 88 పైకి చదివాను, అమ్మకు వినపడేలా. చదువుతూ భయపడ్డాను, ఇలాంటిది రోగి దగ్గర చదువుతారా అని. అమ్మ కళ్లు మూసుకోలేదు, నా వైపే చూస్తూ ఉంది. ఏడాదిన్నరలో ఆ మంచం దగ్గర ‘బాగైపోతావమ్మా’ అనే తప్ప వేరే మాట అనలేదు నేను. ఒకవేళ అమ్మే ఈ కీర్తన చెప్పాలనుకుంటోందేమో, నోరు లేక ఆగిందేమో అని అప్పుడు తోచింది.


ఆల్టో | గురువారం, ఉదయం 7:10

బ్రదర్, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కీర్తన 56:8 ఒకసారి చూడండి. మన తెలుగులో ‘బుడ్డి’, ‘కవిలె’ అని రెండు మాటలున్నాయి. కన్నీళ్లు ఆయన బుడ్డిలో ఉన్నాయి, ఆయన కవిలెలో ఎక్కాయి. కవిలె అంటే పాతకాలపు లెక్కల పుస్తకం. సంతోషమో బాధో విడదీసి రాయాలని అక్కడ లేదు.


తోమా2 | గురువారం, ఉదయం 9:00

యోహాను 11 కూడా. లాజరు చనిపోయాక అతని అక్కచెల్లెళ్లు మార్త, మరియ ఇద్దరూ ఒకే ఫిర్యాదు చేశారు: నీవిక్కడ ఉండి ఉంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాదు. యేసు ఇద్దరినీ కసరలేదు. కాసేపట్లో లాజరును బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. సిలువ మీద 22వ కీర్తన మొదటి మాటే ఎత్తుకున్నాడు. "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్న ప్రశ్న ఆయన నోట వచ్చాక, అది మన నోట వస్తే సణుగుడు ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.


మార్త | గురువారం, ఉదయం 9:12

నా పేరు వాడుకున్నారు, బాగుంది. కొడుకు గారూ, ఆ ఒక్క రాత్రి ఎవర్ని అడిగారు?


నిద్రలేని_కొడుకు | గురువారం, రాత్రి 9:30

ఎవర్నీ అడగలేదు. అడగడం నాకు ప్రార్థన కన్నా కష్టం. రేపు కూడికలో చెప్పి చూస్తాను.


నిద్రలేని_కొడుకు | శనివారం, ఉదయం 7:25

చెప్పాను. ఈసారి ‘దేవుడు వింటున్నాడో లేదో’ అనలేదు, ‘వారానికి ఒక రాత్రి ఎవరైనా అమ్మ దగ్గర ఉండగలరా’ అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మొదట చెయ్యెత్తింది ఆ పెద్దాయనే.

నిన్న రాత్రే వచ్చారు. ఎప్పటిలాగే చాలాసేపు ప్రార్థన చేశారు. అందులో అరణ్యం మళ్లీ వచ్చింది, ఇశ్రాయేలీయులూ వచ్చారు. ఆయన అభిప్రాయం ఏమీ మారలేదు. సంఖ్యాకాండం 11 గురించి మాట్లాడదామనుకున్నాను కానీ వద్దనిపించింది. మడమల కింద దిండు ఎలా పెట్టాలో, ఏ చెయ్యి లాగకూడదో చూపించాను. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నారు, కళ్లజోడు సర్దుకుంటూ, నాకు వాక్యాలు నేర్పిన చేతిరాతతోనే.

నేను పక్క గదిలో పడుకున్నాను. రెండింటి అలారం ఆయనే ఆపేశారట. నాలుగుది కూడా. నాకు వినపడలేదు.